పదిహేనో సంచికలో పదిహేడు తప్పులు

ఆగస్టు నెల, రెండో ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు. అశోక్ నగర్, మేడం గారి ఇంటి పై గది.

హాజరు: ఇంటావిడ (కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు, మేమంతా మేడం అనే పిలుస్తాం). డ్రాయింగ్ మాస్టారు. ఆయన కూతురు. చిక్కడపల్లిలో ప్రెస్సు నడిపే ఆయన. నేను. రానివారు ఇద్దరు. కారణం: వాన.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో రాయకుండా ఏ సమావేశం గురించీ నేను రాయను. రికార్డుల సెక్షన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసిన అలవాటు. ఆ పేజీలో మిగిలిన భాగం మాత్రం ఆ రోజు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మాది చిన్న కూటమి. నెలకో ఆదివారం కలుస్తాం. ఎవరిదైనా కొత్త రచన వస్తే ఒకరు దాన్ని సమీక్షించి, రాసినవాళ్ల ఎదుటే చదివి వినిపించాలి. ఒకే ఒక్క నియమం: చాయ్ వచ్చేదాకా రాసినవాళ్లు నోరెత్తకూడదు. చాలా ఏళ్ల కిందట ఒక కవిగారు తన పద్యానికొచ్చిన ప్రతి విమర్శకూ అక్కడికక్కడే జవాబు చెబుతూ పోతే మూడో పద్యం దగ్గరే పొద్దుపోయింది. ఆ మర్నాడు మేడం పెట్టిన నియమం ఇది. చాయ్ ఎప్పుడు రావాలో ఆవిడ చేతిలోనే ఉంటుంది. ఫ్లాస్కు ఆవిడ కుర్చీ పక్కనే ఉంటుంది.

డ్రాయింగ్ మాస్టారు స్కూల్లో బొమ్మలు నేర్పి రిటైరయ్యాక ఒక సైన్స్ ఫిక్షన్ బొమ్మల కథ మొదలుపెట్టారు. ఏడాదికి మూడు నాలుగు సంచికలు. ఆయన బొమ్మలు గీస్తారు, కూతురు కంప్యూటర్ మీద మాటలు పేరుస్తుంది, మా ప్రెస్సాయన అచ్చు వేస్తాడు. అంతరిక్షంలో పోతున్న ఒక పెద్ద నౌక. అందులో ఒక బస్తీ తర్వాత ఒక బస్తీ. సూర్యుణ్ని చూసినవాళ్లెవరూ బతికి లేరు. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. కథానాయిక కెప్టెనూ కాదు, సైంటిస్టూ కాదు. వాల్వు తిప్పి నీళ్లు వదిలే ఉద్యోగిని. భుజం మీద పొడుగాటి ఇనప కడ్డీ వేసుకుని బస్తీల వెంట నడుస్తూ ఉంటుంది. ఆమె కడ్డీ చప్పుడు వినగానే గల్లీలో బిందెలు బయటికొస్తాయి. నల్లా కోసం పొద్దున్నే లేచిన మా వీధుల వాళ్లకు ఆ నౌక ఎంతమాత్రం కొత్త కాదు.

ఆ నెల సమీక్షించాల్సినవి పద్నాలుగు, పదిహేను సంచికలు. పదహారోదే చివరిదని మాస్టారు ముందే చెప్పారు.

సమీక్ష నేనే అడిగి తీసుకున్నాను. అందుకు కారణం ఉంది. పదమూడో సంచికలో నౌక రికార్డులు రాసే ఒక గుమాస్తా వస్తాడు. నౌకలో చీమ చిటుక్కుమన్నా పుస్తకంలో ఎక్కిస్తాడు, తన నెత్తిమీద కప్పు కారుతున్నది మాత్రం చూసుకోడు. ఆ గుమాస్తా ముక్కు నా ముక్కే. కూటమి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను కూడా.

ఆ రోజు ముందు కథ గురించి చదివాను. అందులో వంక పెట్టడానికేమీ లేదు. పద్నాలుగులో నౌక ట్యాంకు ఎక్కడో కారుతున్నదని తెలుస్తుంది. నాయిక పైపుల వెంట చెవి ఆనించుకుంటూ ఆరు పేజీలు నడుస్తుంది. ఆరు పేజీల్లోనూ ఒక్క మాట లేదు. అంత నిశ్శబ్దాన్ని నేను అచ్చులో ఎప్పుడూ చూడలేదని రాశాను. పదిహేనులో చివరి బస్తీకి నీళ్లు కట్టేయమని పైనుంచి ఆర్డరు వస్తుంది. ఆమె వాల్వు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడుతుంది. తిప్పుతుందో లేదో చెప్పకుండా సంచిక ఆగిపోతుంది. ఇది మాస్టారు రాసినవాటిలోకెల్లా మంచి ముగింపు అన్నాను.

ఆ తర్వాత తప్పుల పట్టీ తీశాను. పేజీ, బొమ్మ ఉన్న గడి, తప్పు, గడిలో ఎక్కడ అని నాలుగు నిలువు కాలాలు గీసి రాసుకున్నాను.

"పద్నాలుగో సంచికలో తొమ్మిది. పదిహేనో సంచికలో పదిహేడు. పేజీ నాలుగు, మూడో గడి. కడ్డీకి కింది కొస లేదు. కింద ఎడమ మూల. పేజీ ఏడు, మొదటి గడి. బిందె పట్టుకున్న ముసలామెకు రెండో చెయ్యి లేదు. కుడి అంచు. పేజీ తొమ్మిది..."

"సార్, మీరు మా అమ్మాయి పెండ్లి కార్డుల గూడ తప్పు పట్టిండ్రు," అన్నాడు ప్రెస్సాయన. "అప్పుడు పిల్లగాని ఇంటిపేరే తప్పు పడ్డది, ఒప్పుకుంట. గిది మాత్రం జర ఎక్కువైతుంది."

"పేజీ పన్నెండు," అన్నాను ఆగకుండా. "కిటికీలో నక్షత్రాలు నడుమనే ఉన్నాయి. నాలుగు మూలలూ ఖాళీ. ఆకాశానికి కూడా రేషన్ పెట్టినట్టుంది."

ఎవరూ నవ్వలేదు. మాస్టారు తలొంచుకుని కూర్చున్నారు. నియమం ప్రకారం ఆయన మాట్లాడకూడదు. ఆయన కూతురు మాత్రం నావైపు సూటిగా చూసింది. నేను పట్టీ చదువుతూనే పోయాను. చివర ఒక వాక్యం రాసుకున్నాను, అదీ చదివాను: "ఇంత మంచి కథకు ఇంత అశ్రద్ధ తగదు."

మేడం ఫ్లాస్కు ముట్టుకోలేదు. "ఏవండీ, ఆ పట్టీ ఇలా ఇవ్వండి," అన్నారు. తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత ఒక తెల్ల కాగితం మీద పెద్ద గడి ఒకటి గీసి, నా నాలుగో కాలం చూస్తూ ఒక్కో తప్పుకు ఒక్కో చుక్క పెట్టసాగారు. ఎడమ అంచు. కింద. పై మూల. కుడి. ఇరవై ఆరు చుక్కలు పెట్టి కాగితం మా వైపు తిప్పారు.

చుక్కలన్నీ అంచుల వెంటే ఉన్నాయి, పుస్తెలతాడులా చుట్టూ. నడుమ ఒక్కటి లేదు.

"కటింగ్‌లో పోయి ఉంటాయి," అన్నాను నేను ప్రెస్సాయన వైపు చూస్తూ. "మిషన్ అంచులు కోసేసి ఉంటుంది."

ఆయనకు రోషమొచ్చింది. "నా మిషన్ మీద వెయ్యకుండ్రి సార్. పేజీ అంచు కోస్తది గానీ, పేజీ నడిమిట్ల ఉన్న గడి అంచు ఎట్ల కోస్తది?" సంచిలోంచి మాస్టారి అసలు షీట్లు తీసి చాప మీద పరిచాడు. "ఇగో, సూడుండ్రి."

చూశాం. ముసలామెకు షీటు మీద కూడా రెండో చెయ్యి లేదు. కడ్డీ అక్కడా గాల్లోనే ఆగిపోయింది. గీత చెదిరిపోలేదు, చెరిపిన జాడ లేదు. గడి నడుమ ఉన్న నాయిక మొహం మాత్రం కనురెప్పల వెంట్రుకలతో సహా పూర్తిగా ఉంది.

మేడం లేచి వెళ్లి మాస్టారి ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "నా ముక్కు వైపే చూడండి. కళ్లు తిప్పకూడదు."

మాస్టారు ఫ్లాస్కు వైపు చూశారు. "చాయ్ రాలే గదా మేడం. మాట్లాడొచ్చునా?"

"మాట్లాడండి."

ఆవిడ రెండు చేతులూ పక్కలకు బారజాపి వేళ్లు ఆడించారు. "ఏమైనా కదులుతోందా?"

"ఏం కదల్తలేదు."

చేతులు కొంచెం దగ్గరికి తెచ్చారు. "ఇప్పుడు?"

"మీరు కదిలిస్తున్నరా ఏమన్న?"

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో భయం లేదు. కుతూహలమే ఉంది. చేతులు మేడం చెవుల దాకా వచ్చాక, "ఆఁ, ఇప్పుడొచ్చినయి," అన్నారు. మేడం చేతులు దించి కూతురి వైపు చూశారు.

"నాన్నా," అంది కూతురు, "తలుపుకు కొట్టుకుంటున్నవని నేనెన్నిసార్లు చెప్పిన?"

"ఇల్లు ఇరుకైందని చెప్పిన గదా బిడ్డా."

"ఇల్లు అదే నాన్నా. ముప్పై ఏండ్ల సంది అదే."

ఆ రోజు చాయ్ పోశారు కానీ ఎవరూ సరిగా తాగలేదు. రేపు పొద్దున్నే నారాయణగూడలో కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలని అనుకున్నాం. మెట్లు దిగేటప్పుడు మాస్టారు నా భుజం పట్టుకున్నారు. "అన్నా, పదిహేడు అన్నవ్ గదా. నేను లెక్కవెట్టుకున్న, నువ్వు పదహారే చదివినవ్." నిజమే. ఒకటి దాటేశాను. అది కూడా పట్టీ కింది అంచున ఉంది.

ఇంటికొచ్చి ఆ ఏడాది డైరీ తెరిచాను. నా రాతను నేను వెనక్కి చదవడం తక్కువ. రాయడంతోనే పని అయిపోయిందనుకుంటాను.

ఫిబ్రవరిలో: "మాస్టారు మోచేతితో చాయ్ గ్లాసు పడేశారు. నా నోట్సు తడిసింది."

ఏప్రిల్‌లో: "మాస్టారు స్కూటర్ అమ్మేశారట. వంతెన కింద బండ్లు ఉన్నట్టుండి ఎదురొస్తున్నాయన్నారు. ట్రాఫిక్ అలాగే ఉంది మరి."

జూన్‌లో: "చిక్కడపల్లి చౌరస్తాలో మాస్టారు నా పక్కనుంచే, మూరెడు దూరంలో వెళ్లిపోయారు. పలకరించలేదు. గుమాస్తా బొమ్మ గురించి నేను మెచ్చుకోలేదని కోపమై ఉంటుంది. నేనూ పలకరించలేదు."

ఆ జూన్ పేజీ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. పట్టీ అంత పొడుగ్గా ఎందుకు రాశానో నాకు తెలుసు. పలకరించనివాడికి అంతకంటే మెత్తగా రాయబుద్ధి కాలేదు. మూరెడు దూరంలో ఉన్న నేను ఆయనకు కనపడలేదన్న ఊహ ఆనాడు నా బుర్రకు తట్టనే లేదు. పదమూడో సంచిక తీసి గుమాస్తా పేజీ చూశాను. గడి నడుమ అతను వంగి రాసుకుంటున్నాడు. పైన కప్పు నుంచి చుక్కలు కారుతున్నాయి. ఆ చుక్కలు గడి పై అంచు దాకా వెళ్లలేదు. నాలుగో కాలంలో రాయాల్సిన మొదటి తప్పు అదే అయి ఉండాలి. నా ముక్కు చూసుకునే తొందరలో నేను దాన్ని చూడలేదు.

మర్నాడు సోమవారం, తొమ్మిదింటికి డాక్టరు దగ్గర ఉన్నాం. మాస్టారు, కూతురు, నేను. చీకటి గదిలో ఒక తెల్లటి గిన్నె లాంటి మిషన్‌కు గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. తలుపు సందులోంచి టిక్కు, టిక్కు అని వినిపిస్తోంది. మధ్యమధ్య చాలాసేపు ఏమీ వినిపించేది కాదు. ఆ ఖాళీల్లోనూ లోపల చుక్కలు వెలుగుతున్నాయని కూతురికి తెలుసు. కళ్లు మూసుకుని కూర్చుంది.

కాగితం మీద వచ్చింది రెండు గుండ్రటి బొమ్మలు. చుట్టూ నలుపు, నడుమ చిన్న తెల్లటి జాగా. మేడం పెట్టిన చుక్కల కాగితం నా జేబులోనే ఉంది. తీయాల్సిన అవసరం లేకపోయింది.

"గ్లకోమా. నీటికాసులు అంటారు," అన్నాడు డాక్టరు. "నొప్పి ఉండదు, అందుకే తెలీదు. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు రోజూ తప్పకుండా వేసుకుంటే, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. ఎప్పట్నుంచి తేడాగా ఉంది?"

"తెల్వదు సార్," అన్నారు మాస్టారు.

కూతురు నావైపు చూసింది. నేను డైరీ తెరిచి ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్ చదివాను. జూన్ పేజీలో "నేనూ పలకరించలేదు" అన్నది కూడా చదివాను. డాక్టరు నెలలు మాత్రం రాసుకున్నాడు.

బయటికొచ్చాక మాస్టారు ఆ కాగితాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని చూశారు. "మంచిగ గీసింది మిషన్. నా నౌక కిటికీ లెక్కనే ఉంది." కాగితం మడుస్తూ, "అన్నా, జూన్ల పిలవకపోతివా?" అన్నారు. నేను డైరీ మూసి చంకలో పెట్టుకున్నాను. "పిలిస్తే ఆగుతుంటి గదా," అన్నారు. అందులో నింద లేదు. అందుకే ఇప్పటికీ చెవిలో ఉంది.

రోడ్డు దాటాలి. వంతెన కింద బస్సులు, ఆటోలు. నేను ఆయన కుడి పక్కకు వచ్చి నిలబడ్డాను.

"ఎడమ దిక్కు గూడ కనవడది. ఒక్కనివి రెండు దిక్కుల ఎట్ల నిలవడతవ్?"

కూతురు ఎడమ చెయ్యి పట్టుకుంది. దాటాం.

అవతల కాగితాల దుకాణం ఉంది. ఆయన ఎప్పుడూ కొనే పెద్ద డ్రాయింగ్ షీట్లు షాపతను అడక్కుండానే తీసి పెట్టాడు.

"గవి వద్దు. చిన్నగ కోసియ్యాలె."

"ఎంత సైజు సార్?"

మాస్టారు రెండు అరచేతులూ మొహానికి ఎదురుగా, గీసేటప్పుడు కాగితం ఉండేంత దూరంలో పెట్టుకున్నారు. చూపు కదపకుండా వాటిని మెల్లగా దగ్గరికి జరుపుతూ పోయారు. రెండు చేతులూ కనపడ్డ చోట ఆగారు.

"గింత," అన్నారు. "పదహారో సంచిక మొత్తం గిండ్లనే పట్టాలె."

షాపతను స్కేలు తెచ్చి ఆ చేతుల మధ్య పెట్టాడు.