రెండు వేళ్ల మందం స్పాంజి

మా తమ్ముడు నలభై ఏళ్లుగా బూట్లు బాగుచేస్తున్నాడు. అరిగిన మడమ చూసి మనిషి ఏ కాలి మీద బరువు వేస్తాడో చెప్పేస్తాడు. నేను చదివింది మూడో తరగతే అయినా ఈ మాట ఎవరి ముందైనా అంటాను, వాడిలాంటి పనివాడు నాలుగు వీధుల్లో లేడు. ఆ గర్వమే మా కొంప ముంచింది.

వాడి భార్య, మా మరదలు, ముప్పై ఏళ్లు ఇస్త్రీ బల్ల ముందు నిలబడి బతికింది. యాభై ఆరో ఏట, లైబ్రరీ వెనక స్థలంలో పికిల్‌బాల్ అని చిన్న టెన్నిస్ లాంటి ఆట మొదలుపెడితే చూడ్డానికి వెళ్లి తనూ దిగింది. ఆడినంతసేపూ నవ్వేది. ఆమె అలా నవ్వగలదని అంతవరకూ నాకు తెలియదు.

మడమలు నొప్పిగా ఉన్నాయంటే తమ్ముడు ఆమె బూట్ల కింద రెండు వేళ్ల మందం మెత్తటి స్పాంజి అతికించాడు. పొద్దంతా నిలబడేవాళ్లకీ, నడిచేవాళ్లకీ వాడు ఎప్పుడూ వేసేది అదే. ఒక్కరూ తిరిగొచ్చి తిట్టింది లేదు.

ఆట నేర్పే పిల్ల ఆ బూట్లు వంచి చూసింది.

"బాబాయ్, ఇవి నడకకి బాగుంటాయి. ఇక్కడ పక్కలకి గెంతాలి. ఇంత ఎత్తయితే కాలు మడత పడుతుంది. బూటు అడుగు పల్చగా, గట్టిగా ఉండాలి. పిన్నీ, నువ్వు పిక్కలు సాగదీయకుండా దిగకు. బంతి నెత్తి మీంచి పోతే వెనక్కి వెనక్కి పరిగెత్తకు, అటు తిరిగి పరిగెత్తు."

"నా సుత్తికున్న వయసు లేదు నీకు," అన్నాడు తమ్ముడు.

"గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుంది," అని నేనూ వంత పాడాను.

మరదలు మాత్రం, "ఆయన వేసింది పీకేస్తే బాధపడతాడమ్మా," అంది. వాటితోనే ఆడింది.

పదో రోజున బంతి ఆమె నెత్తి మీంచి పోయింది. ముఖం బంతి వైపే పెట్టి వెనక్కి వెనక్కి పరిగెత్తింది. స్పాంజి అంచు నలిగి కాలు పక్కకి ఒరిగింది. చీలమండ విరిగింది, మడమ వెనక నరం తెగింది. ఆ చప్పుడు గేటు దగ్గరున్న నాకు కూడా వినిపించింది.

ఆపరేషన్ అయింది. ఏడు నెలల తర్వాత డాక్టరు, "కర్ర పట్టుకుని నడుస్తారు. ఆట సంగతి మరిచిపోండి," అన్నాడు.

"నన్ను తిట్టవేం?" అని తమ్ముడు అడిగితే, "తిడితే కాలొస్తుందా," అంది మరదలు.

ఇప్పుడు వాడు పొద్దున్నే ఆ గేటు దగ్గర పీట వేసుకుని, వచ్చినవాళ్ల బూట్లు విప్పించి చూస్తాడు. మెత్తగా ఉంటే లోపలికి పోనివ్వడు. మడమలు ఇరవైసార్లు ఎత్తి దించమంటాడు. ఆ పిల్ల చెప్పినవే, పొల్లు పోకుండా. పోలీసు మావయ్య అని పేరు కూడా పెట్టారు.

మొన్న మరదలు కర్ర ఊతంతో అక్కడికి వచ్చింది. వాడు ఆశగా లేచాడు.

"కాసేపు కూర్చుని చూస్తావా?"

"వద్దు. చూస్తే ఆడాలనిపిస్తుంది."

వెంట వచ్చిన, మా వీధిలో మిషను కుట్టే ఆవిడ చేతిలో మరదలు తన బ్యాటు పెట్టింది.

"ఏవండీ, ఈమె రేపట్నించి ఆడుతుందట. బూట్లు చూడండి."

వాడు ఆవిడ బూటు చేతిలోకి తీసుకున్నాడు గానీ వంచి చూడలేదు. వెళ్లిపోతున్న మరదలు వీధి మలుపు తిరిగేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.