ప్లెయిన్స్‌బరోలో నా ప్రదక్షిణ

కత్తీ కర్రా లేకుండా, ఒక్క చెప్పుల జత విప్పి, జపాన్ వాళ్ళ పండగ మొత్తాన్ని ఒక్క నిమిషంలో ఆపేసిన ఘనత నాది. చెబుతాను, నవ్వుకోండి. మా అమ్మాయి ముందు మాత్రం ఈ సంగతి ఎత్తకండి. పదేళ్ళయినా తనకింకా కోపం తగ్గలేదు.

అప్పట్లో ఇక్కడ అమెరికాలో, మా కింది అపార్ట్‌మెంట్‌లో హరుకో గారని ఓ జపాన్ పెద్దావిడ ఉండేవారు. ఏటా వేసవిలో వాళ్ళవాళ్ళు పార్కులో చేసుకునే పండగకి నాట్యం నేర్పేది ఆవిడే. మా మేఘనకి అప్పుడు తొమ్మిదేళ్ళు. రెండు నెలలు ఆవిడ దగ్గర నేర్చుకుని, ఆ ఏడు మొదటిసారి ముందు వరుసలో చోటు సంపాదించింది. అన్నం తింటూ కూడా చేతులు తిప్పుతూనే ఉండేది. ఇష్టమున్నవాళ్ళెవరైనా వచ్చి ఆడొచ్చని హరుకో గారు అంటే, తెలుగువాళ్ళని ఓ పాతికమందిని పోగేసింది నేనే.

పార్కు మధ్యలో ఎత్తయిన చెక్క మంచె, చుట్టూ ఎర్రని కాగితపు లాంతర్లు. నా కళ్ళకది అచ్చం మంటపమే. పైన దేవుడున్నాడని నాకు నేనే ఖాయం చేసేసుకున్నాను. ఎవరినైనా అడగొచ్చుగా అంటారా? అడిగితే నా పెద్దరికం ఏమైపోవాలి?

డప్పు మోగింది. అందరూ మంచెని ఎడమచేతి వైపు ఉంచుకుని తిరగసాగారు. నా గుండె ఝల్లుమంది. దేవుడి చుట్టూ అప్రదక్షిణగా తిరగడమా? పాపం, దేశం కాని దేశంలో పద్ధతి మరిచిపోయారని జాలిపడ్డాను. జాలిపడి ఊరుకున్నా బాగుండేది. చెప్పులు విప్పి, మనవాళ్ళందరినీ వెనక్కి తిప్పి, చేతులు జోడించి నేనే ముందు నడిచాను. రిటైరైన డాక్టర్ మూర్తి అంకుల్ ఒకసారి కనుక్కోవోయ్ అన్నారు. నాకు వదిలెయ్యమన్నాను.

పది అడుగులు వేశామో లేదో, ఎదురొచ్చేవాళ్ళు మామీద, మేం వాళ్ళమీద పడ్డాం. విసనకర్రలు మొహాలకి తగిలాయి. మా ఆవిడ పైట ఎవరి కిమోనోకో చుట్టుకుంది. డప్పు ఆగిపోయింది. చూస్తే, నా ముందు నిలబడి ఉంది మేఘన, కళ్ళనిండా నీళ్ళతో.

"రాంగ్ వే, నాన్నా. ఎందుకిలా చేశావు? ఇది నా టర్న్ కదా."

నా ప్రాణం చివుక్కుమంది. అయినా బింకం పోతేగా. దేవుడి చుట్టూ అలా తిరగకూడదమ్మా అని నసిగాను. ఇంతలో హరుకో గారు వచ్చి, కోప్పడకుండా, ఇంగ్లీషులో విడమరిచి చెప్పారు. పైన దేవుడెవరూ లేరట. ఉన్నది డప్పు కొడుతున్న పళ్ళ డాక్టరట. ఏడాదికోసారి ఇంటికొచ్చే, చనిపోయిన పెద్దల కోసమట ఈ నాట్యం.

మూర్తి అంకుల్ మెల్లగా దగ్గారు. "పెద్దల కోసమా? అయితే మన పద్ధతిలోనూ అపసవ్యంగానే కదయ్యా తిరగాల్సింది. వాళ్ళది వాళ్ళకి బాగానే గుర్తుంది. మనది మరిచిపోయింది నువ్వే."

డప్పు మళ్ళీ మొదలైంది. మేఘన కళ్ళు తుడుచుకుని ఆడింది, ఎంతో బాగా ఆడింది. నేను దూరంగా గడ్డిమీద కూర్చుని, ఎవరూ చూడకుండా నేనూ కళ్ళు తుడుచుకున్నాను.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ పళ్ళ డాక్టరు చుట్టూ, కుడి నుంచి గానీ ఎడమ నుంచి గానీ, చేతులు జోడించి ప్రదక్షిణ చెయ్యను.