కలకత్తా నేల కింద గాలి

కలకత్తాలో నేల కింద రైలు మొదలైన మరుసటి వేసవి, బడికి సెలవులివ్వగానే బయల్దేరాను. విహారానికి కాదు. ఆ రైలు పనుల్లోనే ఉన్న మా తమ్ముడు దానియేలు రెండు నెలలుగా దగ్గుతున్నాడని అతని గదిలో ఉండే ఆయన ఉత్తరం రాశారు.

ఆరింటికి కొత్తపేటలో బస్సు, పదింటికి రాజమండ్రిలో హౌరా మెయిలు. రైల్లో నా ఇడ్లీలు పంచుకున్న మురమళ్ళ పెద్దాయన అడిగారు: "భూమి కింద రైలటండీ? మరి లోపలికి గాలండీ?"

"ఫ్యాన్లు పెట్టేరటండీ."

"ఆయ్," అని తృప్తిపడ్డారు.

మర్నాడు పదకొండింటికి హౌరా. తమ్ముడు చిక్కి సగమయ్యాడు. అయినా, "ముందు మా రైలు చూద్దువుగానక్కా," అన్నాడు దర్జాగా. రూపాయి టికెట్టు. మెట్లు దిగితే ట్యూబులైట్లు, అద్దంలాంటి నేల. రైలుకంటే ముందు దాని గాలి వచ్చింది. నోట్లో ఇనుము నాకిన రుచి. చేతిరుమాలుతో గోడ తుడిస్తే నల్లగా అంటింది.

"ఇనప రజనక్కా. బ్రేకేసినప్పుడల్లా లేస్తుంది. ఇది నయం. పక్క స్టేషన్లో మేం పట్టాలు సానపట్టే చోట మనిషికి మనిషి కనపడడు."

వాణ్ణి పని మానిపించి ఊరికి తీసుకుపోదామని తెల్లారి తొమ్మిదింటికి కంట్రాక్టరు ఆఫీసుకి వెళ్ళాం. పని మానడానికి కాగితం సిద్ధంగా ఉంది. జబ్బుకి కారణం: బీడీ అలవాటు. మా చర్చిలో కీర్తనలకి గొంతెత్తేవాడు వాడు; బీడీ ముట్టి ఎరగడు.

"దుమ్మని రాయండి," అన్నాను.

గుమాస్తా తెలుగాయనే. తల ఎత్తకుండా, "దుమ్మని రాస్తే రేపందరూ దగ్గుతారండీ టీచరుగారూ," అన్నాడు.

తమ్ముడు కలం అందుకున్నాడు. చెయ్యి పట్టుకున్నాను.

"వదులక్కా. పెట్టకపోతే నా ఐటీఐ సర్టిఫికెట్లు ఇవ్వరు."

ఆ ఐటీఐలో వాణ్ణి చేర్పించింది నేనే. చెయ్యి వదిలేశాను. వాడు సంతకం పెట్టాడు.

తిరుగు రైల్లో క్షయేమోనని మా పక్కవాళ్ళు ఒక్కొక్కరే లేచిపోయారు. కూర్చోడానికి చోటు మాత్రం బాగా దొరికింది.

కలకత్తా వెళ్ళేవాళ్ళు ఆ నేల కింద రైలు తప్పక ఎక్కండి. శుభ్రంగా ఉంటుంది, వేళకి వస్తుంది. అయిదు నిమిషాల్లో పైకొచ్చేస్తారు కాబట్టి మీకేమీ కాదు.

సాయంత్రం నాలుగింటికి మా బస్సు గౌతమి వంతెన ఎక్కింది. ఏటి మీంచి చల్లగాలి ఒక్కసారిగా కొట్టింది. బస్సంతా హాయిగా ఊపిరి తీసుకుంది. తమ్ముడు రొమ్ము పట్టుకుని దగ్గి దగ్గి, "షట్టరు దించెయ్యక్కా, ఈ గాలి పడట్లేదు," అన్నాడు.

దించేశాను.