కత్తెర పడినాక

తడిసిన కంబళి వాసన తగిలితే చాలు, ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది. నిన్న వానకు ఎదురింటివాళ్ళు పాత కంబళి ఒకటి పిట్టగోడ మీద ఆరేస్తే, మా కిటికీ ధడాలున మూసేశాను. పాపం, వాళ్ళు చేసిన తప్పేమీ లేదు.

జవళగిరి దగ్గర మాది గొర్రెలు కాచుకునే ఇల్లు. హోసూరు ఇంకా సేలం జిల్లాలో ఉన్న రోజులవి. చలికాలం చివర, అనపకాయలు విరగకాసే వేళకు, ఉన్ని కత్తిరించే పని మొదలయ్యేది. ఏట్లో కడిగి తోలుకొచ్చిన గొర్రెల తడి ఉన్ని కంపు, పొయ్యి మీద అనపగింజల పితికిపప్పు పులుసు ఘుమఘుమ, రాగిముద్దల ఆవిరి, కంబళ్ళకు గంజి పట్టించడానికి ఉడుకుతున్న చింతగింజల వాసన, అన్నీ కలిసిపోయి పిల్లలకు అదే పండగ. ఉన్ని కుప్పల మీద దొర్లి, దురద పుట్టి, గోక్కుంటూ తిరిగేవాళ్ళం. కత్తెరకు పూజ చేసి తొలి గొర్రె ఉన్ని తీశాక, ఆఖరి గొర్రె అయ్యేదాకా ఇంటివాళ్ళెవరూ పొలిమేర దాటకూడదని మా కట్టుబాటు. దాటితే మందకు రోగం తగులుతుందట.

మా అవ్వ, అంటే నాయన తల్లి, ఉన్ని వడికేది. కళ్ళకు పొర కమ్మి మనుషులు నీడల్లా కనిపిస్తున్నా ఆమె వేళ్ళ కింద పోగు తెగేది కాదు. అదే ఆమె కొంప ముంచింది. పని ఆగలేదు కదా, చూపుకేం తొందర అనుకున్నారు అందరూ.

ఒక ఏడు సరిగ్గా ఆ రోజుల్లోనే, హోసూరులో కంటి డాక్టర్లు డేరాలు వేసి పొరలు తీస్తున్నారని చాటింపు వేశారు. అవ్వ మంచి చీర మూట కట్టుకుని వాకిట్లో కూర్చుంది.

“ఒరే మునియప్పా, నన్ను పిల్చకపోరా. నా మనవరాలి మొగం చూసి చస్తాను.”

నాయన తల గోక్కున్నాడు. “కత్తెర పడిపోయె కదమ్మా, పొలిమేర దాటేదెట్ల? వాళ్ళు యాడికి పోతారు, ఇంగో తూరి వస్తార్లే.”

“అందాకా నా కండ్లు ఉంటాయో లేదో ఎవురికి తెలుసప్పా?” అంది అవ్వ. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఉన్ని పని ముగిసేలోగా డేరాలు ఎత్తేశారు.

రాగి పైరు వెన్ను తీసే కాలంలో, ఒకనాటి పొద్దున అవ్వ కన్ను చింతనిప్పులా ఎర్రబడింది. తల పగిలిపోతోందని ఒకటే కేకలు. నాయన బండి కట్టుకుని హోసూరికి పరిగెత్తించాడు. ముదిరిన పొర ఆ కన్నును తినేసిందని, రెండోది లోపల ఎప్పుడో చచ్చిపోయిందని, ముందే రావలసిందని చెప్పి డాక్టరు చేతులెత్తేశాడు.

నాయన మీద నాకు ఇప్పటికీ కోపమే. తల్లంటే ఆయనకు ప్రాణం, కాదనను. అయినా కోపమే! మందకు రోగం వస్తుందని భయపడిన మనిషికి, తల్లి కన్ను తన కోసం కాచుకుని ఉండదని ఎందుకు తట్టలేదు? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని ఊరందరికీ నీతులు చెప్పేదీ ఆయనే! నేను పెద్దమనిషినైనా, పెళ్ళికూతురినైనా అవ్వకు తడుముడే గతి అయింది. “ముక్కు మీ తాతదేనే” అని మురిసేది. నాకు ఏడుపొచ్చేది.

ఇప్పుడు మా గొర్రెలు మేసిన చోట ఫ్యాక్టరీలు లేచాయి. మంద లేదు, కత్తెర లేదు, పొలిమేర ఎక్కడుండేదో చెప్పే మనిషీ లేడు. “ఇంగో తూరి” మాత్రం చావలేదు. నా కుడి కంటికి పొర వచ్చిందంటే, నా కొడుకు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, “ఈ నెల షిఫ్ట్ మారిందిమా, వచ్చే నెల చూస్తాము” అన్నాడు.

చెప్పులేసుకుని వీధిలోకి వచ్చి ఆటో ఆపాను.

“యాడికమ్మా?”

“కంటాసుపత్రికప్పా. ఇప్పుడే.”