కన్నీళ్ళు దిద్దే మాస్టారు

అమెరికాలోని పెద్ద యూనివర్సిటీలకు పిల్లలు పంపే దరఖాస్తు వ్యాసాలు దిద్దే ఈ మాస్టారు, పెన్ను మూతతో చెవి గోక్కుని అదే మూతను పళ్ళ మధ్య పెట్టుకుంటాడు. లెక్కలంటే ప్రాణమిచ్చే ఓ పిల్ల, తను రెండేళ్ళు కుస్తీపట్టిన త్రిభుజం గురించి రాసుకొస్తే అడ్డంగా గీత కొట్టేశాడు. "లెక్కలు అందరికీ వచ్చమ్మా. సీటు రావాలంటే ఈ వ్యాసం చదివినవాడు ఏడవాలి. మీ ఇంట్లో ఎవరైనా పోయారా?"

"లేదండీ. మా నానమ్మ కూడా ఇదిగో, నాతోనే వచ్చింది."

"ఈవిడ పోయిందని రాద్దాం."

పిల్ల నానమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నానమ్మ మాత్రం నవ్వేసింది. "దాని సీటు కోసమైతే చంపెయ్యండి బాబూ, నాకేం నొప్పా?"

ఆయన సిగ్గుపడితే ఒట్టు. కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకుని, "ఏ జబ్బుతో అంటారమ్మా?" అని వినయంగా అడిగాడు.