మూడు గంటల దారి

అక్క పోయిందని పుంగనూరు నుంచి బావ ఫోన్ చేసినప్పుడు నేను గువాహటిలో డ్యూటీకి బయల్దేరుతున్నాను. తెల్లవారి ఆరున్నర. పెళ్ళయిన ఆడమనిషి పోతే పుట్టింటి చీర కప్పనిదే ఎత్తరు మా వైపు. మా అమ్మానాన్నలు లేరు. ఆ చీర తేవలసింది నేనే.

"చీర నేను తెస్తాండా బావా. నేనొచ్చేదాకా ఎత్తొద్దండి."

"సరేప్పా. ఫోన్లో సూసినా. బెంగుళూరికి విమానం మూడు గంటలేనంట. పదింటికంతా ఈడుంటావులే."

రెండు వేల కిలోమీటర్లు దాటిన దూరం అది. ఆకాశంలో మూడు గంటలు, నిజమే. దొరికిన విమానం పదింటిది. బెంగుళూరులో దిగి బయటపడేసరికి ఒంటిగంటన్నర దాటింది. అక్కడి నుంచి టాక్సీ. చింతామణి దాటాక బావే ఫోన్ చేశాడు.

"యాడుండావప్పా?"

"చింతామణి దాటినా."

"ఇంగా చింతామణేనా? ఏమప్పా, విమానంలో వస్తాండావా, ఎద్దులబండిలోనా?"

వెనక ఎవరో నవ్వారు. శవం పక్కన కూర్చుని నవ్విన ఆ గొంతు బావ వాళ్ళ అన్నదని నాకు తెలుసు. ఇప్పటికీ నేను ఆయన ఇంటి గడప తొక్కలేదు.

మదనపల్లెలో పది నిమిషాలు ఆగాను. అక్కకు ముదురాకుపచ్చ మీద ఎర్రంచు ఇష్టం. రెండో అంగడిలో దొరికింది. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

పుంగనూరులో ఇంటి ముందు దిగేసరికి వాకిలి కడిగేసి ఉంది. ఇంకా ఎండ ఉంది. పొద్దుగూకడానికి గంటకు పైనే ఉంది.

కుప్పం నుంచి మా చిన్నాయన కొడుకు బస్సులో ఒక చీర పట్టుకొచ్చాడట. అది కప్పి ఎత్తేశారు. ఊదారంగుదట. అక్క ఊదారంగు ఎప్పుడూ కట్టలేదు. వాళ్ళు శ్మశానం నుంచి తిరిగి వస్తుంటే వీధి మలుపులో ఎదురయ్యాను.

"మాటిచ్చినావు గదా బావా?"

"ఎంతసేపని పెట్టుకునేదప్పా? ఎవురు తెస్తే ఏమి, పుట్టినింటిదే గదా. నువ్వేమో మదనపల్లెలో అంగళ్ళు తిరుగుతాంటివంట, పెండ్లికి పోయేటోని మాదిరి."

అంగడికి పోతూ కార్లో వదిలిన నా ఫోన్‌కు బావ చేస్తే టాక్సీ డ్రైవర్ ఎత్తి చెప్పినట్టున్నాడు. ఆ పది నిమిషాలు ఆగకపోయినా వాళ్ళు ఎత్తేసిన తర్వాతే చేరేవాణ్ణి. ఆ మాట అప్పుడే అని ఉండాల్సింది. కుప్పం బస్సు కోసం మాత్రం మధ్యాహ్నమంతా కాచుకున్నారని పక్కింటామె తర్వాత చెప్పింది.

ఏడాది తద్దినానికి రమ్మని బావ మళ్ళీ ఫోన్ చేశాడు. "మూడు గంటలే గదప్పా, వచ్చిపో" అన్నాడు. వెళ్ళాను. ముందు రోజే వెళ్ళాను. భోజనాలయ్యాక బావ మెల్లగా కదిపాడు.

"ఆ చీర ఊరికే పెట్టెలో పెట్టుకుని ఏం జేస్తావు? మా చెల్లెలికన్నా ఇయ్యి, కట్టుకుంటాది."

"అది అక్కకు తెచ్చింది" అన్నాను.

ఇవ్వలేదు. అంగడివాడు వేసిన మడత ఇంకా అలాగే ఉంది.