మందు మాన్పించే మందు

ఆ గుడ్డ పొట్లం నా చేతిలో చిరిగిన రోజు నా జీవితంలోని మంచి రోజుల్లో ఒకటి అంటే మా ఆయన ఇప్పటికీ తల పట్టుకుంటాడు. ఏం చేయను, ఉన్న మాట అది. ఖరగ్‌పూర్ స్టేషను పక్కన టపా వేరుచేసే ఆఫీసులో నా ఉద్యోగం. ఊళ్ల పేర్లు చదవడం, సంచుల్లో పడేయడం. ఆ కవర్లలో ఏముందో, అందుకున్నవాళ్లు నవ్వారో ఏడ్చారో మాకు ఎప్పటికీ తెలియదు. దిండు కింద అపరాధ పరిశోధన నవల పెట్టుకుని పడుకునే మనిషికి ఇంతకంటే శిక్ష ఉండదు.

ఆ నెలలోనే మాకు ఒక శిక్షణ జరిగింది. టపాలో ప్రమాదకరమైన పొడులు పంపే దుర్మార్గులు లోకంలో ఉన్నారని, ఆంత్రాక్స్ అనే రోగపు బీజాలు చూడటానికి పిండిలాగే ఉండొచ్చని, పీలిస్తే ప్రాణాల మీదికి వస్తుందని జిల్లా నుంచి వచ్చిన డాక్టరు చెప్పాడు. మిగతావాళ్లు సమోసాల్లాంటి సింగాడాల పళ్లెం ఎప్పుడొస్తుందా అని తలుపు వైపు చూస్తుంటే, నేను మొదటి వరసలో కూర్చుని ఆయన్ని ప్రశ్నలతో చంపుకుతిన్నాను. ఇంటికొచ్చి మా అమ్మకు చెప్తే, అది మన దొమ్మ రోగమే కదా, గొర్రెలకు వచ్చేదానికి టపా ఎందుకు అంది. అమ్మది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. దొమ్మతో చచ్చిన గొర్రెను లోతుగా పాతిపెట్టడం చిన్నప్పుడు కళ్లారా చూసింది. ఆ ముక్క విన్నాక నాకు భయమూ పెరిగింది, ఆసక్తీ పెరిగింది.

ఇక పొట్లం సంగతి. కుట్టు ఊడి, తెల్లటి పొడి బల్ల మీద, నా చీర మీద, ఎదురుగా కూర్చున్న, మేమంతా దాదా అని పిలిచే బెంగాలీ గుమాస్తా టీ గ్లాసులో పడింది. దాదా చొక్కా దులుపుకోబోతుంటే గట్టిగా గదమాయించాను. ఫ్యాను ఆపించాను, కిటికీలు మూయించాను, పొట్లం మీద చెత్తబుట్ట బోర్లించాను, అందరినీ బయటికి తోలి తలుపు వేయించాను. శిక్షణ రోజు నన్ను వెక్కిరించిన వాళ్లంతా నేనేం చెప్తే అది చేశారు. గుండె దడదడలాడింది, కాదనను. కానీ అది ఒట్టి భయం కాదు, పెళ్లిలో మేళం అందుకున్నప్పుడు కొట్టుకునే దడ.

మధ్యాహ్నానికి తల నుంచి కాలిదాకా తెల్లటి దుస్తులు తొడుక్కున్న మనుషులు దిగారు. పొడిని దూదిపుల్లతో అద్ది సీసాలో పెట్టి, సీసాను సంచిలో, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి కలకత్తా ల్యాబుకు పంపారు. నన్నూ దాదానూ సబ్బుతో ఒళ్లంతా కడుక్కోమన్నారు. మా బట్టలు మూటగట్టి తీసుకుపోయి వేరేవి ఇచ్చారు. ఇది మనిషి నుంచి మనిషికి అంటుకునేది కాదని, ముందు జాగ్రత్తకు మాత్రలు మాత్రం వేసుకోమని డాక్టరు చెప్పాడు. దాదా ముప్పై మూడు కోట్ల దేవుళ్లనూ పిలుస్తున్నాడు. నేను పక్క గది అద్దానికి ముక్కు ఆనించి ఒక్కటి కూడా వదలకుండా చూస్తున్నాను.

దర్యాప్తు చేసే పోలీసు అధికారి కూడా బెంగాలీ ఆవిడే. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. పొట్లంలో ఒక చీటీ దొరికిందని, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, ఈ లిపి చదివేవాళ్లు ఎవరని అడిగింది. నేను బడిపిల్లలా చెయ్యెత్తాను. చీటీలో ఉన్నది రెండు ముక్కలే. మందు మాన్పించే మందు. ఆయనకు తెలియకుండా కూరలో కలపాలి.

తెలుగు వచ్చిన ఎవరికైనా చూడగానే తెలిసిపోతుంది, అది తాగుడు మాన్పించే పొడి అని. మా వైపు సంతల్లో అమ్ముతూనే ఉంటారు. కానీ ఆవిడకు చెప్పాలి కదా. మొదటి మందు అంటే సారా, రెండో మందు అంటే మీ బెంగాలీలో ఓషుధ్ అన్నాను. ఒకే మాటకు రెండు అర్థాలా అని ఆవిడ కలం ఆపింది. ఉత్సాహం ఊరుకోనిస్తేనా? పొలంలో చల్లేదీ మందే, ఎలుకలకు పెట్టేదీ మందే, టపాకాయల్లో కూరేదీ మందే, మొగుణ్ణి కొంగుకు కట్టేసుకోవడానికి పెట్టేదీ మందే అని చెప్పుకుంటూ పోయాను. అయితే ఇది విషమైనా కావచ్చు, పేలుడు పదార్థమైనా కావచ్చు అని తేల్చింది ఆవిడ. మాటను బట్టి కావచ్చు, విషయాన్ని బట్టి కాదు అన్నాను. విషం పంపేవాళ్లు పైన విషమని రాసి పంపుతారా అని అడిగింది. నా భాష మీద నాకే ఒళ్లు మండింది.

పొట్లం మీది చిరునామా మా ఊళ్లో ట్రాఫిక్ అనే పేటలోని ఒక రైల్వే క్వార్టరుది, పేరు ఒక ఆడమనిషిది. మళ్లీ భాషతో తలనొప్పి ఎందుకని ఆవిడ నన్నూ జీపెక్కించింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయన ఫోన్‌లో సణిగాడు. నేను వినిపించుకోలేదు. ఎవరిదో వదులు సల్వారు, మెళ్లో చున్నీ, కూర్చున్నది పోలీసు జీపులో. ఆ రోజు నన్ను పట్టేవాళ్లు లేరు.

తలుపు తీసిన పిల్ల పలాస దగ్గరి నుంచి కోడలుగా వచ్చింది. హిందీ బజారు బేరాల వరకే వచ్చు. మొగుడు వర్క్‌షాపులో ఫిట్టరు. అడిగినవాటికి దాపరికం లేకుండా చెప్పింది. పొట్లం పంపింది సొంత అక్క. ఇంతకు ముందు కూడా ఒకటి పంపింది. రెండు నెలలుగా కూరల్లో కలుపుతోంది, అతను తాగుడు మానేశాడు. మొదటి పొట్లంలో మిగిలింది పోపుల డబ్బాలో ఉందంటే, తెల్లదుస్తులవాళ్లు ఆవాలు, మెంతులతో సహా డబ్బాను సంచిలో వేసుకున్నారు. ఫలితం వచ్చేదాకా పిల్ల స్టేషనులో ఉండాలని, మొగుణ్ణి ఆసుపత్రిలో చూపించాలని, అతని తిండిలో ఏం కలిసిందో అతనికి చెప్పక తప్పదని అధికారి అంది. అదంతా నేను తెలుగులో చెప్పాను. స్టేషను అన్నప్పుడు కూడా బెదరని పిల్ల చివరి మాటకు నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఆయనకి సెప్పొద్దప్పా. పెళ్లాం మందెట్టినాదని తెలిస్తే మళ్లీ నా సేతి కూడు ముట్టడు."

మా వాళ్లకు అప్ప అంటే అక్క. నన్ను అక్కను చేసి అడిగిందేమో, జీపెక్కినప్పటి ఉత్సాహమంతా దిగిపోయింది. మందు పెట్టిందన్న మాట పడితే మా వాళ్లలో ఆడది తలెత్తుకు తిరగలేదు. ఆ సంగతి అధికారికి ఎన్ని రకాలుగా చెప్పినా ఎక్కలేదు. ఆవిడదీ తప్పని అనలేను. ఒక మనిషి ఏమిటో తెలియని పొడి రెండు నెలలుగా తింటున్నాడు, అతని ప్రాణం సంగతి ఆవిడ చూడాలి.

వర్క్‌షాపు సైరన్ మోగిన కాసేపటికి అతను సైకిలు దిగాడు. పోలీసులు వచ్చిన సంగతి వీధిలోవాళ్లు గోరంతలు కొండంతలు చేసి దారిలోనే చెప్పేసినట్టున్నారు, ముఖంలో నెత్తురు లేదు. అతనికి హిందీ బాగా వచ్చు, ఇక నాతో పని లేదు. జ్వరం వచ్చిందా, ఆయాసం ఉందా, ఒంటి మీద నల్లటి పుండ్లు లేచాయా అని ఆవిడే అడిగింది. ఏవీ లేవన్నాడు. నీ భార్య నీ కూరలో పొడి కలుపుతున్నట్టు నీకు తెలుసా అని అడిగింది. పిల్ల గోడకు అతుక్కుపోయింది. ఆ ప్రశ్న అతని చెవిన పడకుండా ఏదైనా రైలు కూత పెడితే బాగుండుననిపించింది. ఇంతసేపూ హిందీలో చెప్పినవాడు నా వైపు తిరిగి తెలుగులో అందుకున్నాడు.

"తెలుసని సెప్పండప్పా. మొదటి దినమే తెలిసిపోనాది. వంకాయ కూర వగరెక్కితే తెలీదేటి?"

నేను నోరు విప్పేలోపే పిల్ల గోడ దగ్గరి నుంచి, తెలిస్తే ఇన్నాళ్లూ చెప్పలేదేమని అడిగింది.

"సెప్తే కలపడం మానేస్తావని. మానీడం నా వల్ల కాలేదు. మందైనా మాన్పిస్తాదేమోనని తిన్నాను."

నా జన్మలో అంత జాగ్రత్తగా ఏ మాటనూ అనువాదం చేయలేదు. అధికారి కలం మూసి జేబులో పెట్టుకుంది. తర్వాత, పిల్లను స్టేషనుకు రానక్కరలేదని, ఫలితం వచ్చేదాకా ఇద్దరూ ఊరు విడిచి పోవద్దని చెప్పింది. అతను ఆసుపత్రికి బయలుదేరే ముందు పీట వాల్చుకుని, ఏముంటే అది పెట్టమని పెళ్లాన్ని అడిగాడు. పోపు లేని పప్పు, అన్నం, పోలీసుల ముందే పళ్లెం ఖాళీ చేశాడు. నాకు ఈల వేయాలనిపించింది.

మూడో రోజు అధికారి ఫోన్ చేసింది. రెండు పొట్లాల్లోనూ రోగపు బీజాలు లేవు, విషం లేదు, బియ్యప్పిండిలో కాస్త పటిక కలిపి అమ్మారు, అంతే. ఆంత్రాక్స్ కానందుకు నాలో ఓ మూల కాస్త చప్పబడ్డ మాట నిజమే. కానీ ఆ కబురు నా నోటితోనే చెప్పాలని ఆఫీసు నుంచి సైకిలు మీద ట్రాఫిక్‌కు పరిగెత్తాను. ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు. ఒగరుస్తూ అంతా చెప్పాను. పిండికి అన్ని డబ్బులు పోసిందా మా అప్ప అని పిల్ల పగలబడి నవ్వింది. అతను నవ్వలేదు.

"అందులో మందు లేదేటి?" అన్నాడు.

లేదన్నాను, చిటికెడు కూడా లేదన్నాను. అతను మెట్టు మీద కూలబడ్డాడు. తన చేతుల వంక చూసుకున్నాడు, పెళ్లాం వంక చూశాడు, నా వంక చూశాడు.

"అయితే మానింది నానేనేటి, అప్పా?"

నువ్వే తమ్ముడూ అన్నాను. రైలు కూతలో అతనికి వినబడలేదు, మళ్లీ చెప్పాల్సి వచ్చింది.